ఒక ముద్ద ఎక్కువ

ఆ రోజు పొద్దున్న ఇచ్ఛాపురంలో ఎండబండి ఎక్కిన రెండువందల నలభై మంది చేతా సిబ్బంది ఒకటే పని చేయించారు. సీట్లో కూర్చోగానే కుడి అరచెయ్యి శుభ్రంగా తుడుచుకుని, కిటికీ కింద బిగించిన ఇత్తడిరంగు పలక మీద ఆనించాలి. పలక రెండు నిమిషాలు తనలో తాను ఆలోచించుకుంటుంది. తర్వాత ఆడగొంతుతో, ఎంతో మర్యాదగా, "మధ్యాహ్నానికి మీకు మూడువందల డెబ్భై గ్రాముల ఆకలి ఉంటుందండి" అని చెబుతుంది. అంతే. ఇక ఎంత కావాలని ఎవరూ అడగరు, చాలు చాలని మీరు చేతులు అడ్డం పెట్టనక్కర్లేదు.

అది రెండువేల తొంభై నాలుగో సంవత్సరం. ఉడుకు దశాబ్దం అని జనం ఇప్పటికీ భయంగా చెప్పుకునే ఆ పదేళ్ల ఎండల తర్వాత దేశంలో ప్రయాణాల తీరే మారిపోయింది. రైళ్లు ఎండతో నడుస్తాయి. పొద్దుపొడుపుతో కదిలి, పొద్దు వాలగానే ఏదో ఒక స్టేషన్లో ఆగి నిద్రపోతాయి. ఇచ్ఛాపురం నుంచి నెల్లూరు రావాలంటే రెండు రోజులు. ఎవరికీ తొందర లేదు. చిక్కల్లా తిండితోనే వచ్చింది. పారేసిన ప్రతి మెతుకూ కుళ్లి వదిలే వాయువుని కూడా రైలు పొగ లెక్కలోనే రాయాలని చట్టం. ఆ లెక్కలు చూసి ప్రయాణాహార మండలి వాళ్లు గుండెలు బాదుకున్నారు. జనం తిన్నదానికి సగం వదిలేస్తున్నారు!

దానికి మండలి కనిపెట్టిన మందు గుజ్జు గొట్టం. కార్ఖానాలో చేసిన బలవర్ధకమైన గుజ్జు, పళ్లు తోముకునే పేస్టులా నొక్కుకుని మింగడమే. బండికి వంటపెట్టె అక్కర్లేదు, వంటవాళ్లు అంతకన్నా అక్కర్లేదు.

డాక్టర్ వకుళకి ఆ గొట్టం పేరెత్తితేనే ఒళ్లు మండేది. ఆమె జీవభౌతిక శాస్త్రవేత్త, ఊరు అనకాపల్లి, వయసు యాభై. పన్నెండేళ్లు కూర్చుని ఈ ఆకలిమాపకాన్ని తయారు చేసింది. అరచేతి చెమటలో చక్కెరని ఒక బయోసెన్సర్ చూస్తుంది. మనిషి చెవికి వినిపించని అల్ట్రాసౌండ్ తరంగం పొట్ట కదలికల్ని వింటుంది. ఆఖరి భోజనమై ఎన్ని గంటలైందో, ఎంత వయసో, ఎంత ఎండలో నడిచొచ్చారో కలుపుకుని, వచ్చే పూటకి ఎంత ఆకలేస్తుందో ముందే చెబుతుంది. వంటపెట్టెలో అంతే వండుతారు. పట్టాలకి ఇరవై కిలోమీటర్ల లోపు పండిన ధాన్యాలు, కూరలు మాత్రమే దారిలో ఎక్కుతాయి. ప్రయాణికులు ఆ యంత్రానికి మొదటి గంటలోనే కొలతమ్మ అని పేరు పెట్టేశారు.

ఈ రెండు రోజులూ పరీక్ష. నాలుగు పూటల తిండిలో వృథా మొత్తం అయిదు కిలోలు దాటకపోతే కొలతమ్మ దేశంలోని ఎండబళ్లన్నిటికీ ఎక్కుతుంది. దాటితే వచ్చే నెల నుంచి గొట్టాలే. మండలి తరఫున తూకం వెయ్యడానికి ఫణిభూషణం అనే పరీక్షాధికారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు.

"రూలు మరోసారి చెబుతున్నానండీ" అన్నాడాయన బండి కదలగానే. "పళ్లెంలో మిగిలింది, వంటపెట్టెలో మిగిలింది అని తేడా లేదు. ఈ బండిలోకి ఎక్కిన తిండి ఎక్కడ పాడైనా సరే, లెక్కలోకే వస్తుంది."

"అందుకేగా ఎవర్నీ ఇంటి మూటలు తేవద్దన్నాం" అంది వకుళ ధీమాగా.

ఆ మాట వింటున్న పెద్ద వంటమనిషి అప్పలకొండ గరిటె పట్టుకుని నిలబడిపోయాడు. అతనితో పాటు ఆ బండిలో పద్దెనిమిది మంది వంటవాళ్లు. "అమ్మగోరూ, మా పొయ్యిలు ఆరిపోవు గదా?" అన్నాడు మెల్లిగా.

"ఆరనివ్వను" అంది వకుళ. అనేసిందే గానీ, ఆమె మనసు మనసులో లేదు. ఇచ్ఛాపురంలో దిగిన ఇంట్లో పొద్దున్న మూడింటికే లేచి, ఆ రోజు చదవాల్సిన ప్రకటనని నోటితో వల్లె వేసుకుంటూనే స్నానం చేసింది, పొయ్యి దగ్గర తిరిగింది, సంచి సర్దింది. ఏం సర్దిందో అడిగినా చెప్పలేకపోయేది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆ సంచిని యంత్రాల గదిలో తన సీటు కిందికి తోసేసి మళ్లీ దాని మొహం చూడలేదు.

మధ్యాహ్నం కొర్రన్నం, కందిపప్పు, ఆనపకాయ పులుసు. సోంపేటలో ఎక్కిన ఆనపకాయలు లేతగా ఉన్నాయి. వకుళ పెట్టెలన్నీ తిరిగి చూసింది. మూడో పెట్టెలో వరహాలమ్మ అనే డెబ్భై ఏళ్లావిడ ఎదురుసీటు వాళ్లతో అప్పుడే చుట్టరికాలు కలిపేస్తోంది.

"ఓ తల్లీ, కొలతమ్మని కన్నదానివి నువ్వేనా?" అంది వకుళని చూడగానే. "మంచిదే కన్నావు గానీ, సేతిలో మూట లేకుండా బండెక్కడం నా జన్మలో ఇదే తొలిసారి. ఒంటి మీద బట్ట మర్సిపోయినట్టుంది."

"బరువు తగ్గిందిగా వరహాలమ్మ గారూ."

"బరువేటి, బోసిగుంది. నువ్వెక్కడ తింతన్నావు?"

"యంత్రాల గదిలో."

"ఒక్కదానివేనా? అయ్యో రాత!" అని నొచ్చుకుంది వరహాలమ్మ.

భోజనాలయ్యాక ఫణిభూషణం మిగిలిన తిండి వేసే ఎరువుపెట్టెని తూకం మీద పెట్టాడు. తొంభై గ్రాములు. అవీ కరివేపాకు, మిరపతొడిమలు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. సాయంత్రం భోజనానికి నూటపది. అప్పలకొండ వంటవాళ్లందరికీ బెల్లం ముక్క పంచాడు. బండి సామర్లకోటలో ఆగింది. వకుళ సంతోషానికి అంతులేదు.

సంతోషంగానే యంత్రాల గదికి వచ్చి తెర ముందు కూర్చుంది. యంత్రాలు వేడెక్కకుండా ఆ గదిని ఎప్పుడూ చల్లగా ఉంచుతారు.

"వకుళ గారూ, మొత్తం సరిపోయింది. మనుషులు సరిపోలేదు" అంది కొలతమ్మ.

"అంటే?"

"ముప్పై ఒకటో సీటు వరహాలమ్మ గారికి మూడువందలు ఇచ్చాను. తిన్నాక చెయ్యి ఆనించినప్పుడు చూస్తే ఆవిడ తిన్నది రెండువందల అరవై. ఎదురుగా ముప్పై మూడో సీటాయన తనకిచ్చినదాని కన్నా నలభై ఎక్కువ తిన్నారు. బండి అంతటా ఇదే వరస. ఎవరి కొలత వాళ్లు తినటం లేదు."

వకుళకి అర్థం కావడానికి ఆట్టే సేపు పట్టలేదు. పళ్లెం చేతికి రాగానే, ఎంగిలి కాకముందే, ఒక చెంచాడు తీసి ఎదుటివాళ్ల పళ్లెంలో వేస్తున్నారు. వాళ్లూ ఊరుకోక, "అయ్యో, మీరూ వేసుకోండి" అంటూ ఇటు వేస్తున్నారు. ఎవరికీ ఏ దురుద్దేశమూ లేదు. కానీ పన్నెండేళ్ల లెక్క! పొట్ట గోడల చప్పుడు విని గ్రాముల దాకా తేల్చిన కొలతని వీళ్లు చెంచాతో చెడగొడుతున్నారు. ఆమెకి చిర్రెత్తుకొచ్చింది.

ఆ తెర మీది అంకెలు ఫణిభూషణం కూడా చూశాడు. "నా తూకానికి ఇబ్బంది లేదండీ. కాకపోతే యంత్రం సరిగ్గా కొలిచిందో లేదో రిపోర్టులో ఎలా రాయను?" అన్నాడు.

ఆ ఒక్క మాట వకుళకి సూదిలా గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే అన్ని పెట్టెల్లో ఆమె గొంతు వినిపించింది. "ప్రయాణికులకి మనవి. ఎవరి పళ్లెం వాళ్లే తినండి. దయచేసి ఇచ్చిపుచ్చుకోవద్దు." తెరల మీద పెద్ద అక్షరాలు వెలిగాయి: మీ పళ్లెం మీకే.

టిఫిను సామ ఉప్మా, అల్లం పచ్చడి. బండి గోదావరి దాటే లోపు అందరూ తినేశారు. ఫణిభూషణం తూకం వేశాడు. వకుళని పిలిచి అంకె చూపించాడు. నాలుగు కిలోల వంద గ్రాములు.

"తప్పు చూపిస్తోందేమో" అంది వకుళ.

"రెండుసార్లు వేశానండీ. నిన్నటితో కలిపి నాలుగు కిలోల మూడువందలు. ఇంకో పూట ఉంది."

వంటపెట్టె గుమ్మంలో అప్పలకొండ నిలబడి ఉన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది అనిపించింది వకుళకి. ఎరువుపెట్టె మూత తీసి చూసింది. ఎవరూ సగం వదిలేయలేదు, ఉప్మా బాగాలేక పారేసిన జాడ లేదు. అన్నీ చిన్న చిన్న ముద్దలు, చెంచాడు చెంచాడు, వేలు తగలకుండా తీసి పెట్టినవి. లెక్కేస్తే పళ్లేనికి పదిహేడు గ్రాములు.

ఆమె తిన్నగా మూడో పెట్టెకి వెళ్లింది. "వరహాలమ్మ గారూ, ఉప్మా ఎందుకు వదిలేశారు?"

"వదల్లేదు తల్లీ, తీసి పెట్టినాను" అంది వరహాలమ్మ నొచ్చుకుంటూ. "సెయ్యి కడుక్కోగానే ఎదుటోళ్లకని ఓ సెంచాడు పక్కకి తియ్యడం నాకు అలవాటు. తీసినాక గుర్తొచ్చింది, నువ్వు వద్దన్నావని. పెట్టకుండా ఉండిపోనాను."

"పోనీ మీరే తినేయొచ్చుగా?"

"ఒకరికని తీసింది మళ్లీ మనమే ఎలగ తింతాం?" అంది ఆవిడ, ఇది కూడా తెలీదా అన్నట్టు. ఎదురుసీటు ఆయన కూడా తల ఊపాడు. ఆయనా అలాగే తీసి పెట్టాడట. పెట్టెలో ఉన్నవాళ్లంతా వకుళ వంక జాలిగా చూశారు. "నానెంత తినాలో కొలిసినావు. బాగుంది. నానెంత పెట్టాలో కూడా కొలిసినావేటి?" అంది వరహాలమ్మ.

వకుళ ఎర్రబడ్డ మొహంతో యంత్రాల గదికి వచ్చి తెర ముందు కూలబడింది. ఆ చెంచాడుని ఆమె పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా లెక్కలోకి తీసుకోలేదు. ఆ పన్నెండేళ్లూ ప్రయోగశాలలో ఒక్కర్తే కూర్చుని తింది మరి.

"ఇక మనిషికి ఇంత అని పంపొద్దు" అంది కొలతమ్మతో. "ఎదురెదురు సీట్లలో ఎనిమిది మంది ఉంటారుగా. ఎనిమిది మంది ఆకలీ కలిపి ఒకే గిన్నెలో పంపు. గరిటె వాళ్ల చేతికే ఇస్తాం."

"అప్పుడు ఎవరికెంత ఇచ్చానో నాకు తెలియదు."

"తెలియకపోతే ఏం? గిన్నె ఖాళీ అయితే చాలు."

"అది నా కొలతని తగ్గించడం అవుతుంది" అంది కొలతమ్మ. దాని గొంతులో కినుక ఉందని వకుళకి అనిపించింది గానీ, అలాంటివేవీ ఆమె దానికి నేర్పలేదు.

మధ్యాహ్నం బాపట్ల దాటాక గిన్నెలు కదిలాయి. బండిలో ఒకటే సందడి. మీరు వేసుకోండంటే మీరు వేసుకోండని గరిటెలు చేతులు మారాయి. గిన్నెలు అడుగు కనిపించేలా తిరిగొచ్చాయి. వృథా రెండువందల యాభై గ్రాములు. మొత్తం నాలుగు కిలోల అయిదువందల యాభై. ఫణిభూషణం మొదటిసారి నవ్వాడు. భోజనాలయ్యాక అందరూ అరచేతులు పలకలకి ఆనించారు. బండి మొత్తానికి ఆకలి సున్నా అని చూపించింది తెర. రెండువందల నలభై పొట్టలు సరిగ్గా నిండాయి. అప్పలకొండ వచ్చి వకుళకి దణ్ణం పెట్టాడు. ఆమె కళ్లు చెమర్చాయి.

కావలి దాటింది. మరో గంటలో నెల్లూరు. వకుళ యంత్రాల గదిలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

"వకుళ గారూ, తూకం ఇంకా పూర్తి కాలేదు" అంది కొలతమ్మ.

"ఇంకేముంది?"

"మీ సీటు కింద సంచిలో ఆహారం ఉంది. ఏడువందల గ్రాములు. అన్నం, చింతపండు, ఆవపిండి, ఇంగువ. గది చల్లగా ఉండబట్టి ఇంతసేపు ఆగింది. నా వాసనగ్రాహకం లెక్కన మరో యాభై నిమిషాల్లో పులిసిపోవడం మొదలవుతుంది. అప్పుడు దాన్ని వృథా కింద రాస్తాను."

వకుళ వంగి సంచి లాగింది. తువ్వాలు కింద, అరిటాకులో చుట్టి, దారంతో కట్టిన మూట! నిన్న మూడింటికి ప్రకటన వల్లె వేస్తూ పొయ్యి దగ్గర తిరిగినప్పుడు ఆ చేతులు చేసిన నిర్వాకం ఇది. వాళ్లమ్మ బండెక్కే ప్రతిసారీ ఆవపెట్టిన పులిహోర కట్టేది. ఇల్లు దాటుతున్నామంటే మూట కట్టాలంతే. రెండువందల నలభై మంది చేత మూటలు మాన్పించిన మనిషి, తన యంత్రాన్ని తనే నమ్మకుండా మూట కట్టుకొచ్చింది.

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నిన్న అది తిండే కదండీ. తిండి ఉండటం తప్పని మీరు నాకు చెప్పలేదు."

ఏడువందలు కలిపితే అయిదు కిలోల రెండువందల యాభై. వకుళ మూట గట్టిగా పట్టుకుంది. "ఇది చెప్పకుండా ఉండగలవా?"

"నన్ను మీరు అలా తయారు చెయ్యలేదు."

ఆమె మూట పట్టుకుని తలుపు దాకా వెళ్లింది. బయట ఎండలో పొలాలు పరుగెడుతున్నాయి. ఒక్కసారి విసిరేస్తే పోతుంది. పద్దెనిమిది మంది వంటవాళ్లు, అప్పలకొండ, పన్నెండేళ్లు. విసరడానికి చెయ్యి ఎత్తింది కూడా. ఆవ ఘాటు ముక్కుకి తగిలింది. అమ్మ కట్టిన మూటని ఎప్పుడైనా పారేసిందా తను? ఎవరో ఒకరికి పెట్టి రావడమే గానీ! ఆమె చెయ్యి దించేసి మూడో పెట్టెకి నడిచింది.

అక్కడ ఫణిభూషణం కూడా ఉన్నాడు, వరహాలమ్మ చెప్పే పెళ్లి కబుర్లు వింటూ. వకుళ సిగ్గుతో చితికిపోతూ మూట అందరి ముందూ పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

వరహాలమ్మ పకపకా నవ్వింది. "ఓలమ్మో! మా మూటలు మాన్పించి నువ్వు తెచ్చుకున్నావేటి! దొంగముండా!" పెట్టె మొత్తం గొల్లుమంది.

"నవ్వకండి, నలభై నిమిషాలే ఉంది" అంది వకుళ ఏడుపు గొంతుతో. "ఎవరికీ ఆకలి లేదు. కొలతమ్మ చూసింది. అందరిదీ సున్నా."

"ఆకలితో పనేటి? ఇలాగ తే." వరహాలమ్మ మూట విప్పింది. చెయ్యి కడుక్కుని, చిన్న చిన్న ముద్దలు చేసి, ఎదుటివాళ్ల చేతుల్లో పెట్టడం మొదలెట్టింది. వద్దన్నవాడు లేడు. "అబ్బో, ఆవ కొట్టిందండీ" అన్నాడొకాయన ముక్కు తుడుచుకుంటూ, రెండో ముద్దకి చెయ్యి చాపి. "రెండోది లేదు, పక్క పెట్టెలోళ్లకి గావాల" అంది వరహాలమ్మ. కబురు నాలుగో పెట్టెకి పోయింది. అక్కణ్నుంచి జనం వచ్చారు.

ఫణిభూషణం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "నేను పరీక్షాధికారినండీ. పైగా నాకు ఆకలి లేదు."

"నానేటి అడిగినానా బాబూ ఆకలుందా అని? సెయ్యి సాపు."

ఆయన వకుళ వంక చూశాడు, తలుపు వంక చూశాడు. చివరికి అరచెయ్యి చాపాడు. ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "మా మేనత్త కూడా ఇలాగే, కొంచెం బెల్లం వేసి..." అని ఆగిపోయాడు. తర్వాత వేళ్లు నాక్కున్నాడు.

నెల్లూరు స్టేషన్ కనిపిస్తూండగా ఆఖరి తూకం వేశారు. అరిటాకు మీద నాలుగు కరివేపాకు రెబ్బలు, ఎండుమిరపకాయ ముక్కలు మిగిలాయి. ముప్పై గ్రాములు. మొత్తం నాలుగు కిలోల అయిదువందల ఎనభై. ఫణిభూషణం రిపోర్టు తెరిచి ఆకలిమాపకం నెగ్గిందని రాశాడు. కింద ఒక షరతు కూడా చేర్చాడు: కొలిచే పని యంత్రానిది, గరిటె మనుషులది. వంటపెట్టెలో గరిటెలు గిన్నెల మీద మోగాయి.

"వకుళ గారూ, ఒక గడి ఖాళీగా ఉంది" అంది కొలతమ్మ కిటికీ కింది పలకలోంచి. "ముప్పై నలుగురు ఆకలి సున్నా ఉండగా తిన్నారు. కారణం రాయాలి. వెతికాను, దొరకలేదు."

ఫణిభూషణమే చొక్కాకి అంటిన ఆవ మరక తుడుచుకుంటూ అన్నాడు, "పెట్టారు, తిన్నారు. అలాగే రాయమ్మా."

"అది కారణమేనా?" అంది కొలతమ్మ.

"అదే" అంది వకుళ. అప్పుడు వరహాలమ్మ వచ్చి, "ఇదిగో, నీకని తీసినాను" అని చేతిలో ఒక ముద్ద పెట్టింది. పక్కనే ఉన్న పలక మీద వకుళ రెండో అరచెయ్యి ఆనించి చూసింది. సున్నా. నవ్వుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది.